వరి ఆకుముడత పురుగు: కనబడే నష్టం, జరిగే నష్టం

అందరికీ నమస్కారం. గ్రంథాలయం వాళ్ళు ఫోన్ చేసి, "ఏదైనా ఒక పురుగు గురించి ఒక గంట మాట్లాడండి మాస్టారూ, అందరికీ అర్థమయ్యేలా" అన్నారు. పురుగులకి కొదవేముంది, ఏది పట్టుకోవాలన్నదే సమస్య. చివరికి ఆకుముడతని పట్టుకున్నాను. ఈ హాల్లో సగం మంది సేద్యం చేసేవాళ్ళు, సగం మంది పొలం కౌలుకిచ్చి టౌన్లో ఉంటున్నవాళ్ళు. ఈ పురుగు ఇద్దరికీ తెలుసు. సేద్యం చేసేవాళ్ళు చేలో చూస్తారు, రెండోవాళ్ళు వాట్సాప్‌లో చూస్తారు. కౌలు రైతు తెల్లబడ్డ ఆకుల ఫోటో ఒకటి పంపుతాడు. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న ఓనరు అది చూసి టెన్షన్ పడి, "వెంటనే మందు కొట్టించు, డబ్బులు ఫోన్‌పే చేస్తున్నా" అంటాడు. అవునా? నవ్వుతున్నారంటే జరిగిందన్నమాట.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. మన వరిలో ఈ పురుగు చేసే నష్టం కంటే, దాన్ని చూసి కంగారుపడి మనం చేసుకునే నష్టమే ఎక్కువ. ఎప్పుడూ అలాగే అని కాదు, చాలాసార్లు. నిజంగా ప్రమాదమైన రోజులు కూడా కొన్ని ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు తల్లి పురుగు సంగతి. సాయంత్రం గట్టు మీద గడ్డిలో నడుస్తుంటే కాళ్ళ ముందు నుంచి చిన్న చిన్న పసుపు రెక్కల పురుగులు లేచి, రెండు మూడు గజాలు ఎగిరి, మళ్ళీ ఆకు కిందకి దూరిపోతాయి. అదే ఇది. రెక్కలు చాపితే ఒకటిన్నర సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూ. ఎండుగడ్డి రంగు రెక్కలు, అంచు వెంబడి ముదురు పట్టీ. ముందు రెక్క మీద మూడు వంకర గీతలుంటాయి. రెండు గీతలు రెక్కకి అడ్డంగా పూర్తిగా వెళ్తాయి, వాటి మధ్యలోది పొట్టిది, సగంలోనే ఆగిపోతుంది. మగదానికి ముందు రెక్క పై అంచున నల్లటి వెంట్రుకల కుచ్చు ఉంటుంది. భూతద్దం ఉన్న పిల్లలెవరైనా ఉంటే ఆ కుచ్చు వెతకండి, బాగుంటుంది. దీనికి శాస్త్రీయ నామం నఫాలోక్రోసిస్ మెడినాలిస్. 1854లో గెనే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. ఈ పేరు మర్చిపోయినా ఫర్వాలేదు, నాకే నోరు తిరగదు. మన చేలల్లో దీని చుట్టాలు ఒకటి రెండు రకాలు కూడా అచ్చం ఇలాగే ఆకు మడుస్తాయి, రైతుకి ఆ తేడాతో పనిలేదు.

ఈ తల్లి పురుగు మన పంటని ఏమీ తినదు. రాత్రిపూట ఆకు మీద ఈనె పక్కన గుడ్డు పెట్టి పోతుంది. ఒక్కోటిగా పెడుతుంది, ఒక్కోసారి రెండు మూడు వరసగా. చదునుగా, పాలిపోయిన తెలుపు. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి కూడా వంగి చూస్తేగానీ కనబడవు. నాలుగైదు రోజుల్లో పిల్ల పురుగు వస్తుంది. అది పుట్టీ పుట్టగానే ఆకు మడవదు. ఇంకా విచ్చుకోని లేత మొవ్వాకులోకి దూరి గీక్కుంటూ ఉంటుంది. ఒకసారి కుబుసం విడిచాక అసలు పని మొదలుపెడుతుంది.

ఆ పనిని కాస్త దగ్గరగా చూద్దాం. ఆకు ఒక అంచు మీద దారం అంటించి, తల తిప్పి రెండో అంచు మీద అంటిస్తుంది. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. ఒకే చోట ఎన్నో పోగులు వేస్తుంది. ఆ పోగులు ఆరేకొద్దీ కుదించుకుంటాయి, దాంతో రెండు అంచులూ దగ్గరికి వస్తాయి. అంతే తప్ప, అంత చిన్న పురుగుకి ఆకుని బలంతో వంచే శక్తి ఎక్కడిది? ఒక కట్టు బిగిశాక కొంచెం ముందుకి జరిగి ఇంకో కట్టు వేస్తుంది. మనం బస్తా మూతి కుట్టినట్టు, మధ్య మధ్య సందు వదిలి కుట్టుకుంటూ పోతుంది. ఇక లోపల కూర్చుని ఆకు మీది పచ్చదనాన్ని గీకి తింటుంది. కింది పొరని మాత్రం ముట్టుకోదు. అందుకే ఆకుకి చిల్లు పడదు, పొడుగ్గా తెల్లటి చారలు పడతాయి. చారలన్నీ కలిసిపోతే ఆకంతా కాగితం రంగుకి తిరుగుతుంది. దూరం నుంచి చూస్తే చేను మీద సున్నం చల్లారా అనిపిస్తుంది.

ఈసారి చేలోకి వెళ్ళినప్పుడు ముడుచుకున్న ఆకు ఒకటి తెంపండి. రెండు బొటనవేళ్ళతో అంచులు పట్టుకుని నెమ్మదిగా విప్పండి. దారాలు ఒక్కొక్కటే తెగుతాయి. లోపల ముదురు రంగు రెట్ట రాలుతుంది. పురుగుంటే లేత పచ్చ రంగులో, చర్మం పలచగా, తల గోధుమ రంగులో కనబడుతుంది. వేలు తగిలిందంటే వెనక్కి గింజుకుని ఒక్క ఎగురు ఎగిరి నీళ్ళలో పడుతుంది. ఇంత చురుకైన పిల్ల పురుగు వరిలో ఇంకోటి లేదంటే అతిశయోక్తి కాదు.

"పురుగుంటే" అన్నాను, గమనించారా. చాలా మడతలు విప్పితే లోపల రెట్ట తప్ప ఇంకేమీ ఉండదు. ఒక పురుగు పెరిగి పెద్దదయ్యేలోపు మూడు నాలుగు ఆకులు మారుస్తుంది. పాత మడతలు అలాగే మిగిలిపోతాయి. తెలుపు కూడా పోదు, ఆకు రాలేదాకా అలాగే కనబడుతుంది. అంటే మనం గట్టు మీద నిలబడి చూసే తెలుపులో ఎక్కువ భాగం గత వారందీ, ఆ ముందు వారందీ. పురుగు లేని మడత మీద మందు కొట్టడమంటే డబ్బు నీళ్ళలో పోయడమే.

ఇంకో తికమక ఉంది. తాటాకు తెగులు అంటామే, హిస్పా పెంకు పురుగు, అది కూడా ఆకు మీద తెల్ల చారలు పెడుతుంది. దానిలో ఆకు ముడుచుకోదు, తెల్ల చారలు ఈనెలకి సమాంతరంగా సన్నగా నడుస్తాయి. షాపు దగ్గర "ఆకు తెల్లబడింది" అని ఒక్క ముక్క చెప్తే ఏ పురుగుకి మందు ఇస్తున్నారో వాళ్ళకీ తెలియదు, మనకీ తెలియదు. ఆకు తీసుకెళ్ళి చూపించండి.

సరే, ఆకు పోయింది. గింజ ఎంత పోయింది? అసలు ప్రశ్న ఇది. నాటిన మొదటి నలభై రోజుల్లో, పిలకలు వేసే దశలో, వరి దగ్గర అవసరానికి మించి ఆకులుంటాయి. ఆ దశలో కత్తెర పట్టుకుని ఆకులు కత్తిరించి చూసిన ప్రయోగాలు చాలా జరిగాయి. సగం దాకా ఆకు పోయినా, తర్వాత ఎరువు, నీరు సరిగ్గా అందితే మొక్క కొత్త ఆకులు, కొత్త పిలకలు వేసుకుని తేరుకుంటుంది, దిగుబడిలో చెప్పుకోదగ్గ తేడా రాదు. మన చేలో ఆ దశలో ఆకుముడత సగం ఆకు తిన్న సందర్భాలు ఎన్ని చూశారు? పది ఆకుల్లో ఒకటి తెల్లబడితేనే మనకి నిద్ర పట్టదు. కాండం తొలిచే పురుగు లోపల కూర్చుని పిలకనే చంపేస్తుంది, అయినా మొవ్వు ఎండి కనబడేదాకా మనకి తెలియదు. సుడిదోమ దుబ్బు మొదట్లో దాక్కుని పీలుస్తుంది. ఆకుముడత మాత్రం చేసిందంతా పైన పరిచి చూపిస్తుంది. అందుకే దీనికి పడినన్ని అనవసరపు మందులు వరిలో ఇంక దేనికీ పడలేదేమో అని నా అనుమానం.

ఈ సంగతి ఫిలిప్పీన్స్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ళు రైతుల దగ్గర కూర్చుని తేల్చారు. కె.ఎల్. హియాంగ్ అనే కీటక శాస్త్రజ్ఞుడు, ఎస్కలాడా అనే ప్రసార రంగం నిపుణురాలు కలిసి, రైతులు తొలి మందు ఎందుకు కొడుతున్నారని అడిగారు. ఎక్కువమంది చెప్పింది ఆకు తినే పురుగుల కోసమని, అందులో ముఖ్యంగా ఆకుముడత. 1994లో వియత్నాంలో మెకాంగ్ డెల్టాలో ఒక ప్రచారం మొదలుపెట్టారు. నాటిన మొదటి నలభై రోజులు పురుగుమందు కొట్టొద్దు, అంతే సందేశం. రేడియోలో చిన్న చిన్న హాస్య నాటికలు, పోస్టర్లు, కరపత్రాలు. నమ్మమని ఒత్తిడి చేయలేదు. పొలంలో ఒక మూల కొట్టకుండా వదిలేయండి, కోత రోజున రెండు వైపులా తూచుకోండి అన్నారు. తూచుకున్నారు, తేడా లేదు. కొన్నేళ్ళలో అక్కడ రైతులు కొట్టే మందుల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. నాకు నచ్చింది ఆ తూచుకోమనడం. మన దగ్గర పొలంబడుల్లో, అంటే రైతులు చేలోనే కలిసి నేర్చుకునే బడుల్లో కూడా ఇదే పద్ధతి నడిచింది. బాగా నడిచిన ఊళ్ళలో రైతులు పురుగుల్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు.

అనవసరంగా కొడితే డబ్బేగా పోయేది అంటారేమో. డబ్బు ఒక్కటే అయితే ఇంత చెప్పను. ఆకుముడతకి శత్రువులు చాలా ఎక్కువ. గుడ్డు దశలో ట్రైకోగ్రామా అనే పరాన్నజీవి ఉంది, అర మిల్లీమీటరు ఉంటుంది. ఆకుముడత గుడ్డులో తన గుడ్డు పెడుతుంది, లోపలిది తినేసి దాని పిల్ల బయటికి వస్తుంది. పొట్టి కీచురాళ్ళు రాత్రిపూట ఆకు మీద తిరుగుతూ గుడ్లు ఏరుకు తింటాయి. ఎర్ర గోధుమ రంగు ఒంటి మీద నీలి నలుపు పట్టీలు ఉండే సన్నటి పెంకు పురుగు ఒకటుంది, ఓఫియోనియా అంటారు. అది మడత లోపలికే దూరి పురుగుని పట్టుకు తింటుంది. ఒక్కోసారి మీరు మడత విప్పితే చచ్చిన పురుగు పక్కన చిన్న తెల్లటి గూళ్ళు కనబడతాయి. అవి పురుగు గుడ్లు అనుకుని నలిపేస్తాం. నలపకండి, అవి దాన్ని చంపిన పరాన్నజీవి గూళ్ళు. ఇక సాలీళ్ళు, తూనీగల సంగతి చెప్పక్కర్లేదు, తల్లి పురుగులు వాటికి రోజూ మేతే.

ఇరవై అయిదో రోజునో ముప్ఫయ్యో రోజునో ఘాటు మందు కొట్టామనుకోండి. ఆకుముడత పురుగు మడతలో ఉంటుంది, దానికి తగిలేది సగం. బయట తిరిగే సాలీడు, కీచురాయి, పరాన్నజీవి, వీటికి తగిలేది పూర్తి మోతాదు. రెండు వారాలకి కొత్త తల్లి పురుగులు వచ్చి గుడ్లు పెడతాయి, ఈసారి తినేవాళ్ళు లేరు. అంతకన్నా పెద్ద తంటా సుడిదోమ. ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టిన చేలో దోమ విజృంభిస్తుంది. దోమకి మళ్ళీ వేరే మందులు. ఇండోనేషియాలో ఈ వలయం ఎంత దూరం పోయిందంటే, 1986లో ఆ దేశం వరిలో 57 రకాల పురుగుమందుల్ని ఒక్క ఉత్తర్వుతో నిషేధించింది. దోమ దెబ్బకి దేశం తిండిగింజలే ప్రమాదంలో పడ్డాయి కనక.

ఇంకా వెనక్కి వెళ్దాం. మన తాతల కాలంలో ఆకుముడత ఇంత పేరున్న పురుగు కాదు. 1960ల మధ్యలో తైచుంగ్ నేటివ్, ఐ.ఆర్. 8 లాంటి పొట్టి రకాలు వచ్చాయి, వాటితో పాటు యూరియా వచ్చింది. దిగుబడి పెరిగింది, ఆ రకాల్ని నేను తప్పు పట్టను, వాటివల్లే దేశం తిండి తిన్నది. కానీ నత్రజని ఎక్కువైన ఆకు మెత్తగా, ముదురాకుపచ్చగా ఉంటుంది. తల్లి పురుగు అలాంటి చేనునే వెతుక్కుని గుడ్లు పెడుతుంది. ఆ ఆకు తిన్న పిల్లలు ఎక్కువ బతుకుతాయి, లావుగా పెరుగుతాయి. పైరు గుబురుగా అల్లుకుపోయి లోపల నీడ, తేమ. దీనికి తోడు నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ఇంకేం కావాలి? చెట్ల నీడ పడే మడుల్లో ముందు కనబడేది కూడా అందుకే. పక్కవాడి చేను నల్లగా ఉందని మనం ఇంకో అరబస్తా యూరియా చల్లుతాం చూశారూ, ఆ అరబస్తా మనకన్నా ముందు ఈ పురుగుకి అందుతుంది. ఆకు రంగు పట్టిక అని ప్లాస్టిక్ స్కేలు ఒకటి వస్తుంది, ఆకు పక్కన పెట్టి పోల్చుకుని యూరియా వేయాలో వద్దో తేల్చుకోవచ్చు. పెద్ద ఖరీదేం కాదు. పురుగుమందు మీద పెట్టే డబ్బులో పదో వంతు దాని మీద పెట్టినా లాభమే.

తట్టుకునే రకాలు లేవా అని అడుగుతారు. పూర్తిగా తట్టుకునేవి లేవు. కొంత ఓర్చుకునేవి ఉన్నాయి. తమాషా ఏంటంటే, వరంగల్‌లో ఉల్లికోడు అనే ఇంకో పురుగుని తట్టుకోడానికి తయారుచేసిన డబ్ల్యు 1263 అనే వరి ఆకుముడతని కూడా ఓర్చుకుంది. దేశంలో కొత్త వంగడాల్ని ఆకుముడతకి పరీక్షించేటప్పుడు దాన్ని పక్కన నాటి పోల్చి చూస్తారు.

కొంచెం పక్కదారి పడతాను, ఇది నాకు ఇష్టమైన ముక్క. మన దగ్గర ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట వరి ఉంటుంది, సార్వా పోతే దాళ్వా, గట్టు మీద ఊద గడ్డి. పురుగుకి ఊరు దాటే అవసరం లేదు. చైనాలో అలా కాదు. ఉత్తరాన చలికాలానికి ఇది బతకదు. అందుకని ప్రతి ఏడూ వసంతంలో దక్షిణం నుంచి బయల్దేరి, గాలి వాలున రాత్రిళ్ళు ఎగురుతూ, తరం తర్వాత తరంగా ఉత్తరానికి పోతుంది. జపాన్, కొరియాలకి సముద్రం దాటి పోతుంది. చైనా శాస్త్రజ్ఞులు తల్లి పురుగులకి రంగు పూసి వదిలి, వందల కిలోమీటర్ల అవతల పట్టుకున్నారు. ఒంటి బరువు చూస్తే గ్రాములో చిన్న వంతే! అక్కడ దీని రాకని కనిపెట్టే పద్ధతి ఏమిటో తెలుసా? ఒక మనిషి వెదురు కర్ర పట్టుకుని పైరు మీద అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తాడు, లేచిన పురుగుల్ని లెక్కపెడతాడు. ఇంత కంప్యూటర్లు వచ్చినా ఆ కర్ర పోలేదు. ఇంకో విచిత్రం. ఆడ పురుగు మగదాన్ని పిలిచే వాసన జపాన్‌లో ఒక రకం, మన దేశంలో కనిపెట్టింది ఇంకో రకం. అక్కడి ఎర తెచ్చి ఇక్కడ బుట్టలో పెడితే పని చేయకపోవచ్చు. లింగాకర్షక బుట్టలు కొనేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

ఇక ప్రమాదమైన రోజులు. చిరుపొట్ట నుంచి ఈనిక దాకా, అంటే వెన్ను లోపల తయారవడం మొదలైన దగ్గర్నుంచి బయటికి వచ్చేదాకా. వెన్ను పక్కన నిలబడే చివరి ఆకు, పోటాకు అంటాం, అదీ దాని కింద రెండు ఆకులూ గింజలోకి పాలు పోసేవి. ఈ దశలో మొక్కకి కొత్త ఆకు వేసుకునే అవకాశం లేదు. పోటాకు తెల్లబడితే తాలు పెరుగుతుంది, గింజ బరువు తగ్గుతుంది. పైగా గీకిన ఆకులోంచి ఎండాకు తెగులు లాంటివి సులువుగా దూరతాయి. మొదటి నలభై రోజులు ఎంత నింపాదిగా ఉండమన్నానో, ఈ రోజుల్లో అంత జాగ్రత్తగా ఉండమంటాను. మన రైతుల్లో చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు. నెలలోపు రెండు మందులు కొట్టేసి, పొట్ట దశ వచ్చేసరికి చేతిలో డబ్బులు లేక చేలోకి దిగడం మానేస్తారు.

దిగండి. గట్టు పక్క దుబ్బులు కాదు, లోపలికి పోయి ఎకరానికి ఓ ఇరవై దుబ్బులు చూడండి. మడత విప్పండి. లోపల బతికున్న పురుగు ఉందా లేదా అన్నదే లెక్క. దుబ్బుకి సగటున అలాంటి మడతలు రెండు దాకా వస్తే అప్పుడు మందు గురించి ఆలోచించండి. కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 50 శాతం పొడి మందు లీటరుకి 2 గ్రాములు, లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం ద్రవం ఎకరానికి 60 మిల్లీలీటర్లు. రెండూ కలిపి కాదు, ఏదో ఒకటి.

పిలకల దశలో ఎక్కువగా ఉండి మనసు ఊరుకోకపోతే తాడు లాగండి. చేలో నీళ్ళుండాలి. ఇద్దరు చెరో గట్టు మీద నిలబడి కొబ్బరి తాడు పైరు మీదుగా ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగితే మడతలు విచ్చుకుని పురుగులు నీళ్ళలో రాలతాయి. కొందరు రేగు కంప లాగేవాళ్ళు. పొట్ట దశలో మాత్రం లాగొద్దు. ఇందాక చెప్పిన ట్రైకోగ్రామా పరాన్నజీవిని అట్టల మీద అమ్ముతారు, ట్రైకో కార్డులంటారు. అవి దొరికే చోట ఆకుముడతకి కిలోనిస్ రకం అడగండి. జపానికం కాండం తొలిచే పురుగుకి. తల్లి పురుగులు లేవడం మొదలవగానే కట్టాలి, ఆకులు తెల్లబడ్డాక కడితే గుడ్లెక్కడివి?

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: డ్రోన్‌తో కొడితే పని చేస్తుందా మాస్టారూ?)

డ్రోన్ కూలీ ఖర్చు మిగులుస్తుందండీ, కొట్టాలా వద్దా అన్నది చెప్పదు. గట్టు మీద నిలబడి పది నిమిషాల్లో ఎకరం కొట్టేయొచ్చు కాబట్టి చేలోకి దిగి మడత విప్పేవాళ్ళు ఇంకా తగ్గుతున్నారు. నా భయం అదే.

(సభలోంచి: వేపనూనె?)

ముందుగా కొడితే ఉపయోగం. తల్లి పురుగు గుడ్లు పెట్టకుండా కొంత చెదరగొడుతుంది. మడతలో పెద్ద పురుగులున్నప్పుడు వేపనూనె కొట్టి "పని చేయలేదు" అంటే అది వేపనూనె తప్పు కాదు.

(సభలోంచి ఒక మహిళ: పక్క చేలో మందు కొట్టారండీ. పురుగులన్నీ మా చేలోకి వచ్చేస్తాయని మా ఆయన అంటున్నారు.)

రావమ్మా. పిల్ల పురుగు ఒక దుబ్బు నుంచి పక్క దుబ్బుకి పోవడమే గొప్ప, గట్టు దాటదు. వచ్చేవి తల్లి పురుగులు, అవి మందు చూసి పారిపోయి రావు, పచ్చదనం చూసి వస్తాయి. మీది ఎన్ని రోజుల పైరు? ముప్ఫై అయిదా? అయితే మందు డబ్బా ఇంట్లోనే పెట్టమనండి. మూడో దఫా యూరియా ఒక వారం ఆపి, వేసేటప్పుడు పొటాష్‌తో కలిపి వేయండి. పొట్ట మీదకి వచ్చాక మాత్రం మీరిద్దరూ కలిసి దిగి దుబ్బులు చూడండి. ఆయన ఒక్కణ్ణీ పంపితే గట్టు మీద నుంచే చూసి వస్తారు.